చిన్న మున్సిపాలిటీలో పర్యావరణ లెక్కను ధర్మకాంటా నుంచి మొదలుపెట్టండి

నమస్కారం. మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకొని సమాధానంలోకి వస్తాను. ఉత్తర తెలంగాణలో 60 వేల జనాభా ఉన్న ఒక మున్సిపాలిటీలో మీరు కొత్తగా ఎన్విరాన్‌మెంట్ ఇంజినీరుగా చేరారు. పట్టణం వల్ల పర్యావరణం మీద పడుతున్న భారం ఎంతో లెక్కగట్టి, దాన్ని తగ్గించే ప్రణాళికతో సహా నివేదిక ఇవ్వమని కమిషనర్ గారు అడిగారు. బయటి సంస్థకు అప్పగించేంత డబ్బు మీ పద్దులో లేదు. శివారులోని రైస్ మిల్లుల వారు కూడా తమ లెక్క ఎలా వేసుకోవాలని మిమ్మల్నే అడుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని ప్రస్తుతానికి వదిలేయాలి అన్నది మీ సందేహం.

నేను హనుమకొండలో ఉంటూ ఇరవై ఏళ్లకు పైగా మున్సిపాలిటీలకూ, మిల్లులకూ, కొన్ని ఆసుపత్రులకూ ఈ పనిలోనే తోడ్పడుతున్నాను. ఇన్నేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే: నివేదికలు సరిగ్గా లేక పట్టణాలు వెనుకబడలేదు, తూకం వేయకుండా నివేదికలు రాయడం వల్ల వెనుకబడ్డాయి. మీకు కావలసిన సమాచారంలో ఎక్కువ భాగం మీ ఆఫీసులోనే, కరెంటు బిల్లుల కట్టల్లో, డీజిల్ ఇండెంట్లలో (ఇంధనం కోరుతూ రాసే చీటీల్లో), పంపు హౌస్ లాగ్‌బుక్కులో ఉంది. లేనిదల్లా చెత్త బరువు. దాన్ని తెలుసుకోవడానికి కావలసింది మీ ఊరి ధర్మకాంటా (బండ్లను సరుకుతో సహా తూచే పెద్ద కాంటా), ఒక నోటుపుస్తకం, ఓపిక ఉన్న ఒక మనిషి.

మొదట హద్దు గీసుకోవాలి. 2014లో నగరాల ఉద్గారాల (వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల) లెక్క కోసం ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది; సంస్థల కోసం వేరే ప్రమాణం అంతకు ముందు నుంచే ఉంది. రెండింటి సారం ఒకటే: మీరు నేరుగా కాల్చే ఇంధనం ఒక పద్దు, మీరు కొనే కరెంటు రెండో పద్దు, మీ పని కోసం ఇతరుల దగ్గర జరిగేదంతా మూడో పద్దు. ఈ విభజన ఎందుకు అవసరమో మన ప్రాంతంలో రామగుండం చూస్తే అర్థమవుతుంది. అక్కడి ఎన్‌టీపీసీ కేంద్రం 2600 మెగావాట్లది. దాని పొగ గొట్టాల నుంచి వచ్చేదంతా రామగుండం పట్టణం ఖాతాలో వేస్తే, ఆ ఊరి వారు వీధి దీపాలన్నీ ఆర్పేసినా అంకె కదలదు. పైగా ఆ కరెంటు వాడుకునే వరంగల్, కరీంనగర్, హైదరాబాద్ ఖాతాల్లోనూ అదే రాస్తాం కనుక ఒకే పొగను రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. అందుకే గ్రిడ్‌కు పోయే కరెంటు ఉత్పత్తి తాలూకు ఉద్గారాలను విడిగా చూపిస్తారే తప్ప పట్టణం మొత్తంలో కలపరు. మీ ఊళ్లో థర్మల్ కేంద్రం లేకపోవచ్చు, కానీ ఒక గ్రానైట్ క్వారీయో, జిన్నింగ్ మిల్లో, పెద్ద గోదామో ఉంటుంది. మొదటి సంవత్సరం వాటి జోలికి పోకండి. మున్సిపాలిటీ తన డబ్బుతో బిల్లు కట్టేవి, మున్సిపాలిటీ బండి ఎత్తుకెళ్లే చెత్త, మున్సిపాలిటీ సరఫరా చేసే నీరు, ఈ మూడింటికే పరిమితం కండి. ఇళ్లలోని గ్యాసు, జనం మోటారు సైకిళ్ల పెట్రోలు రెండో ఏడాది చూసుకోవచ్చు. వాటిని తగ్గించే అధికారం మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది మొదట సరిదిద్దుకుంటేనే జనం మీ మాట వింటారు.

ఇప్పుడు ఏది ఎంత ముఖ్యమో తేల్చుకోవడానికి 60 వేల జనాభా గల ఊరికి ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ఇవి మీ ఊరి అంకెలు కావు, దారి చూపడానికి నేను తీసుకున్నవి. చిన్న పట్టణాల్లో తలకు రోజుకు 350 గ్రాముల చెత్త అనుకుంటే మొత్తం 21 టన్నులు, అందులో సగం తడి చెత్త అనుకుంటే సుమారు 10 టన్నులు. ఆ తడి చెత్తను డంపింగ్ యార్డులో పల్చగా పోసి వదిలేస్తే, అంతర్జాతీయంగా వాడే ప్రామాణిక గుణకాల ప్రకారం టన్నుకు సుమారు 20 కిలోల మీథేన్ వస్తుంది. కుప్ప లోతు 5 మీటర్లు దాటితే గాలి ఆడక అది రెట్టింపవుతుంది. మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే నూరేళ్ల లెక్కలో 28 రెట్లుగా తీసుకుంటాం. అంటే టన్ను తడి చెత్తకు 560 కిలోలు, రోజుకు 5.6 టన్నులు, ఏడాదికి 2,000 టన్నులకు పైగా. ఈ వాయువంతా ఒకే రోజు వెలువడదు, ఏళ్ల తరబడి వస్తుంది. అయినా ఈ రోజు పోసిన చెత్త ఖాతాలోనే దాన్నంతటినీ రాసుకోవడం చిన్న ఊళ్లకు సులువైన పద్ధతి.

అదే ఊరికి వీధి దీపాలు, నీటి పంపులు, ఆఫీసులు కలిపి ఏడాదికి 13 లక్షల యూనిట్లు అనుకోండి. మన దేశపు గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఈ గుణకాన్ని ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది, మీరు నివేదిక రాసే ఏటి అంకెనే వాడండి. దాని ప్రకారం కరెంటు వాటా దాదాపు 900 టన్నులు. ట్రాక్టర్లకూ, ఆటోలకూ రోజుకు 120 లీటర్ల డీజిల్ అనుకుంటే, లీటరుకు 2.68 కిలోల చొప్పున ఏడాదికి 120 టన్నులలోపే. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. నేను చూసిన నివేదికల్లో చాలా పేజీలు బ్యాటరీ ఆటోలు కొనడం గురించీ, ఆఫీసు పైకప్పు మీద సోలార్ పలకల గురించీ ఉంటాయి. డంపింగ్ యార్డుకు ఒక పేరా దొరుకుతుంది. నిజానికి భారంలో అధిక భాగం ఆ యార్డులో ఉంది.

కాబట్టి పని చెత్త నుంచి మొదలవ్వాలి, చెత్త పని తూకం నుంచి మొదలవ్వాలి. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక మున్సిపాలిటీలో ట్రాక్టర్ ట్రిప్పు ఒక్కింటికి టన్నున్నర చొప్పున, రోజుకు 14 ట్రిప్పులకు 21 టన్నులని ఏళ్ల తరబడి రిజిస్టర్లో రాస్తూ వచ్చారు. మేము ఏడు రోజులపాటు ప్రతి ట్రాక్టర్‌నూ ఊరి చివరి ధర్మకాంటా మీదుగా పంపించి, నిండు బండిని, ఖాళీ బండిని తూకం వేయించాము. సగటున ట్రిప్పుకు 900 కిలోలు వచ్చింది. అంటే రోజుకు 12.6 టన్నులు. మరుసటి ఏడాది నుంచి తూకం లెక్కే రాయడం మొదలుపెడితే, కాగితం మీద 40 శాతం చెత్త తగ్గిపోయింది. దాన్ని విజయంగా చూపించాలని అక్కడ కొందరు పట్టుబట్టారు. ఒక్క అరటి తొక్క కూడా తగ్గలేదని చెప్పి, పాత అంకెను కొట్టేసి, తూకం వేసిన ఏడాదినే ఆధార సంవత్సరంగా (తర్వాతి ఏళ్లను పోల్చి చూసే ఏడాదిగా) రాయించడానికి నాకు చాలా కష్టమైంది. మీరు మొదటి నుంచే ఆ జాగ్రత్త తీసుకోండి. ఆధార సంవత్సరం తప్పైతే ఆ తర్వాత పదేళ్ల శ్రమ కూడా తప్పు పునాది మీదే నిలబడుతుంది.

తూకం ఒక్క వారంతో సరిపోదు. మన ఊళ్లలో చెత్త కాలాన్ని బట్టి మారుతుంది. వానాకాలంలో అదే చెత్త నీళ్లు పీల్చుకొని బరువెక్కుతుంది. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో తంగేడు, గునుగు, బంతి పూలు గుట్టలుగా వస్తాయి. ఎండాకాలంలో పెళ్లిళ్లు, మామిడి టెంకలు, చెరుకు పిప్పి. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది కనుక, ఆ దారిలో ఉన్న పట్టణమైతే జాతర ఏడాదిని వేరుగా గుర్తుపెట్టుకోవాలి. అందువల్ల ఎండాకాలం, వానాకాలం, చలికాలాల్లో ఒక్కో సాధారణ వారాన్ని ఎంచుకొని, సంత రోజు కూడా అందులో పడేలా చూసుకొని, ఏడు రోజులూ వరుసగా తూకం వేయండి. పండుగ వారాల లెక్క విడిగా తీయండి. వాటిని సగటులో కలిపితే అంకె పాడవుతుంది.

బరువు తెలిసిన తర్వాత అందులో ఏముందో తెలియాలి. ఒక బండి చెత్తను గట్టి నేల మీద పోయించి, పారతో బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండింటిని తీసేయండి. మిగిలినదాన్ని మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయండి. సుమారు 100 కిలోలు మిగిలేదాకా ఇలా చేసి, దాన్ని చేతితో వేరు చేసి తడి, కాగితం, ప్లాస్టిక్, బట్ట, గాజు, మట్టి, శానిటరీ వ్యర్థాలుగా తూయండి. సంపన్నుల కాలనీ ఒకటి, పాత బస్తీ ఒకటి, మార్కెట్ వీధి ఒకటి, ఇలా కనీసం మూడు చోట్ల నుంచి వచ్చిన బండ్లకు వేరువేరుగా చేయాలి. ఈ పని చేసే పారిశుద్ధ్య కార్మికులకు మందపాటి చేతి తొడుగులు, మాస్కులు, గమ్ బూట్లు ఇవ్వకుండా మొదలుపెట్టకండి. సిరంజీలు, పగిలిన గాజు చేతుల్లో దిగడం నేను కళ్లారా చూశాను. ఏ లెక్కా ఆ గాయానికి సమానం కాదు.

తడి చెత్తను కంపోస్టు చేస్తే మీథేన్ పూర్తిగా పోతుందని చాలామంది రాస్తారు, అది సరికాదు. కంపోస్టు కుప్పల్లో కూడా టన్నుకు 4 కిలోల దాకా మీథేన్, కొద్దిగా నైట్రస్ ఆక్సైడ్ (మీథేన్ కంటే ఎంతో తీవ్రంగా వేడెక్కించే వాయువు) వస్తాయి. అవి కలిపి సుమారు 180 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. యార్డులో పోస్తే 560, కంపోస్టు చేస్తే 180; టన్నుకు 380 కిలోలు మిగులుతాయి. మన ఊహా పట్టణం తన 10 టన్నుల తడి చెత్తలో 6 టన్నులను కంపోస్టు చేయగలిగితే ఏడాదికి 830 టన్నులు తగ్గుతాయి. ఆ ఊరి మొత్తం కరెంటు వల్ల వచ్చే భారం దాదాపు అంతే అని గుర్తు చేసుకోండి. కుప్పను వారానికోసారి తిరగేయకపోతే మాత్రం లోపల గాలి ఆడక అది చిన్న డంపింగ్ యార్డే అవుతుంది. పిడికెడు తీసి పిండితే వేళ్ల మధ్య చెమ్మ తెలియాలి, నీళ్లు కారకూడదు. దుర్వాసన వస్తే గాలి చాలడం లేదని అర్థం.

ఇదంతా ఇంటి గడప దగ్గర తడి, పొడి వేరు కావడం మీద ఆధారపడుతుంది. 2012 అక్టోబరులో వరంగల్‌లో ఇంటింటి చెత్త సేకరణను, వేరు చేయడాన్ని పోటీగా నిర్వహించి, ఇతర పట్టణాల సిబ్బందిని రప్పించి వారం రోజులపాటు ఇక్కడి వీధుల్లోనే పని చేయించారు. ఆ రోజుల్లో ఇళ్ల ముందు రెండు డబ్బాలు కనిపించడం నాకు బాగా గుర్తుంది. అలాంటి ఊపు తెచ్చుకోవడం సాధ్యమే. దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టడమే అసలు పని. సిద్దిపేట ఈ విషయంలో చూడదగ్గ పట్టణం. అక్కడ తడి చెత్త నుంచి గ్యాసు తీసే కేంద్రం ఉంది, శుభకార్యాలకు ప్లాస్టిక్ బదులు స్టీలు గిన్నెలు ఇచ్చే స్టీల్ బ్యాంకు ఉంది. మీ కమిషనర్ గారిని ఒప్పించి జవాన్లను (పారిశుద్ధ్య పనిని వార్డుల్లో చూసుకునే సిబ్బందిని), మెప్మా ఆర్‌పీలను (పట్టణ మహిళా సంఘాలతో పనిచేసే రిసోర్స్ పర్సన్లను) ఒక రోజు అక్కడికి తీసుకెళ్లండి. అధికారులు మాత్రమే వెళ్లి రావడం వల్ల ప్రయోజనం తక్కువ.

వేరు చేయడాన్ని కొలిచేటప్పుడు సిబ్బంది ఇంటింటికీ నమోదు చేసే యాప్‌లో వచ్చే శాతాన్ని నమ్మకండి. ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి చెత్తను వేరుగా ఇవ్వమంటున్నాయి కనుక, ఇల్లు కనిపిస్తే చాలు వేరు చేసినట్లు నొక్కేయాలనే ఒత్తిడి కింది సిబ్బంది మీద ఉంటుంది. ఆ ఒత్తిడి తీసేయండి. వార్డులో 50 ఇళ్లను లాటరీ పద్ధతిలో ఎంచుకొని, నెలకోసారి ఉదయం ఆటో వెంట నడిచి, డబ్బాలో చూసి, కలిపి ఇచ్చిన ఇల్లు కలిపి ఇచ్చినట్లే రాయండి. మొదటి నెల 20 శాతమే వచ్చినా ఫర్వాలేదు. ఆ 20 నిజమైనదైతే ఆరు నెలల తర్వాత వచ్చే 35 కూడా నిజమైనదే అవుతుంది.

ఇక నీటి పంపులు. చిన్న పట్టణాల్లో కరెంటు వృథా ఎక్కువగా ఇక్కడే జరుగుతుందని నా అనుభవం. వీధి దీపాలు చాలాచోట్ల ఇప్పటికే ఎల్‌ఈడీకి మారాయి. పగలు వెలుగుతున్న స్తంభాల జాబితా తీసి స్విచ్చులు సరిచేస్తే ఆ పద్దు దాదాపు ముగుస్తుంది. పంపుల సంగతి అలా కాదు. ఒక ఘనపు మీటరు నీటిని ఒక మీటరు ఎత్తుకు లేపడానికి సిద్ధాంతరీత్యా 0.002725 యూనిట్లు చాలు. మీ సంపు నుంచి 500 కిలోలీటర్ల (అంటే 500 ఘనపు మీటర్ల) ఓవర్‌హెడ్ ట్యాంకులోకి మొత్తం 32 మీటర్ల ఎత్తు ఉందనుకోండి. లెక్క ప్రకారం ట్యాంకు నింపడానికి సుమారు 44 యూనిట్లు కావాలి. ట్యాంకు నుంచి ఊళ్లోకి నీరు వెళ్లే వాల్వులన్నీ మూసి, ఖాళీ ట్యాంకును పూర్తిగా నింపుతూ, మొదలుపెట్టినప్పుడూ ఆపినప్పుడూ కరెంటు మీటరు రీడింగ్ తీయండి. 110 యూనిట్లు ఖర్చయితే ఆ పంపు సామర్థ్యం 40 శాతం. చక్కగా నడిచే పంపుసెట్ 60 శాతం ఇస్తుంది, అంటే 73 యూనిట్లతో నింపాలి. తేడా 37 యూనిట్లు. రోజుకు రెండుసార్లు నింపితే ఏడాదికి 27 వేల యూనిట్లు, 19 టన్నుల కార్బన్ డయాక్సైడ్, ఒక్క పంపుకే. ఈ పరీక్షకు మీటరు తప్ప ఏ పరికరమూ అక్కర్లేదు.

ఈ పరీక్ష మొదటిసారి చేసినప్పుడు ఒక పంపు హౌస్‌లో పాతికేళ్లుగా పనిచేస్తున్న ఆపరేటర్ నాతో, "సార్, గీ మోటరు రెండేండ్ల సంది అరుస్తున్నది. చెప్పి చెప్పి అలసిపోయిన, ఎవ్వరు ఇనలే" అన్నాడు. విప్పి చూస్తే ఇంపెల్లర్ (లోపల తిరుగుతూ నీటిని తోసే చక్రం) సగం అరిగిపోయి ఉంది. ఆయన చెవికి తెలిసిన విషయమే మా అంకెల్లో తర్వాత బయటపడింది. అప్పటి నుంచి ఏ ఊరికి వెళ్లినా మీటర్లు చూసే ముందు ఆపరేటర్లు, లైన్‌మెన్, జవాన్లతో కూర్చుని టీ తాగుతూ మీ దగ్గర ఏది ఆగిపోతోంది, ఏది వృథా అవుతోంది అని అడగడం నా మొదటి పని. తగ్గింపు ప్రణాళికలో సగం అక్కడే దొరుకుతుంది, మిగతా సగానికే లెక్కలు అవసరం.

నీటి విషయంలో మరో సూక్ష్మం ఉంది. మిషన్ భగీరథ ప్రమాణం ప్రకారం మున్సిపాలిటీలకు తలకు రోజుకు 135 లీటర్లు. ఆ నీరు మీ ఊరి సంపుకు చేరేలోపే వేరే చోట్ల లేపబడి, శుద్ధి అయి వస్తుంది, ఆ కరెంటు బిల్లు మీది కాదు. వరంగల్‌నే తీసుకుంటే, కాకతీయ కాలువ గుండా పల్లానికి పారి వచ్చే నీటికీ, దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నుంచి దశలవారీగా లేపి తెచ్చే నీటికీ పట్టే శక్తిలో ఎంతో తేడా ఉంటుంది. కాబట్టి మీ పైపులైన్లలో కారిపోయే ప్రతి కిలోలీటరూ మీ బిల్లులో కనిపించని కరెంటును కూడా మట్టిలో కలుపుతోంది. రాత్రి రెండు గంటలకు, సరఫరా లేని సమయంలో, నిండిన ట్యాంకు మట్టం తెల్లారేలోపు ఎంత తగ్గిందో కొలవండి. ఆ తగ్గుదలలో చాలా భాగం లీకేజీయే. దాన్ని మూడో పద్దులో రాసి, బాగు చేసిన లీకుల సంఖ్య కాక ఆదా అయిన కిలోలీటర్లు చూపించండి.

సోలార్ పలకలకు నేను వ్యతిరేకిని కాను. ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, రామగుండంలో జలాశయం మీదే 100 మెగావాట్ల తేలియాడే సోలార్ కేంద్రం 2022 నుంచి నడుస్తోంది. అయితే 40 శాతం సామర్థ్యంతో నడిచే పంపును సోలార్‌తో నడపడం అంటే చిల్లు కుండను వెండి మూతతో కప్పడమే. ముందు పంపు మార్చండి, తర్వాత పలకలు ఎన్ని కావాలో లెక్కేస్తే ఖర్చు కూడా తగ్గుతుంది.

మొక్కల గురించి ఒక గట్టి సలహా ఇస్తాను. 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం హరిత పద్దుకు కేటాయించమంది, 2015 నుంచి హరితహారం కింద కోట్ల మొక్కలు నాటాం. ఆ పని విలువైనది. కానీ నాటిన మొక్కల సంఖ్యను ఏదో గుణకంతో హెచ్చించి మీ ఉద్గారాల నుంచి తీసివేయకండి. నర్సరీ నుంచి బయటికి వచ్చిన మొక్క వేరు, మూడు ఎండాకాలాలు తట్టుకొని నిలబడిన చెట్టు వేరు. ఎన్ని బతికాయో ఏటా మే నెలాఖరులో లెక్కపెట్టి, విడి పట్టికలో చూపించండి. త్వరగా పచ్చదనం కనబడాలని కోనోకార్పస్ విస్తారంగా నాటి, తర్వాత వద్దనుకున్న సంగతి మనకు తెలిసిందే. వేప, కానుగ, రావి, చింత నాటితే మీ తర్వాత వచ్చే ఇంజినీరు కూడా మీ లెక్కనే కొనసాగించగలుగుతారు.

కార్బన్ లెక్క ఒక్కటే పర్యావరణ లెక్క కాదని కూడా మీ నివేదికలో స్పష్టంగా ఉండాలి. కాకతీయులు తవ్వించిన చెరువుల నేలలో ఉన్నాం మనం. రామప్ప, పాకాల, లక్నవరం ఇప్పటికీ నీళ్లిస్తున్నాయి, కానీ పట్టణాల మధ్యలో పడిన చెరువులు మురుగు గుంటలవుతున్నాయి. మీ ఊరి చెరువులోకి ఎన్ని మురుగు కాలువలు కలుస్తున్నాయో నడిచి చూసి మ్యాపు మీద గుర్తు పెట్టండి. నీటిలో కరిగిన ఆక్సిజన్, బీఓడీ (నీటిలోని మురికి కుళ్లడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) పరీక్షలు ఏడాదికి కనీసం మూడుసార్లు, ఒకే చోట, ఒకే సమయంలో తీసిన నమూనాతో చేయించండి. స్నానానికి పనికొచ్చే నీటిలో ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ 3 దాటకూడదు. సెప్టిక్ ట్యాంకులు తోడే బండ్లు ఆ మలాన్ని ఎక్కడ పోస్తున్నాయో కూడా ట్రిప్పులవారీగా రాయించండి. రాత్రిపూట నాలాలో పోయడం ఇంకా ఆగని ఊళ్లున్నాయి.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వారం వరంగల్, హనుమకొండల్లో కాలనీలు నీట మునిగినప్పుడు నాలాల దగ్గర ఏం అడ్డుపడిందో తీసిన వారికి తెలుసు: ప్లాస్టిక్ కవర్లు, థర్మోకోల్, ఇళ్లు కూల్చిన మట్టి. అందుకే వానాకాలం ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి నాలా పూడికలో తీసిన ప్లాస్టిక్ ఎంతో తూయించండి. ఏ వార్డు మీదుగా వచ్చే నాలాలో ఎక్కువ వచ్చిందో తెలిస్తే, సేకరణ బండి ఎక్కడికి వెళ్లడం లేదో తెలిసిపోతుంది. కౌన్సిల్ సమావేశంలో టన్నుల కార్బన్ గురించి చెబితే వినని సభ్యులు కూడా ఈ అంకెను శ్రద్ధగా వింటారు, ఎందుకంటే మునిగింది వారి ఇళ్లే.

రైస్ మిల్లుల సంగతి. వడ్లలో బరువుకు ఐదో వంతు ఊక ఉంటుంది, దాన్నే బాయిలర్లో కాలుస్తారు. ఊక పంట నుంచి వచ్చింది కనుక దాని కార్బన్ డయాక్సైడ్‌ను మొత్తంలో కలపకుండా విడిగా చూపిస్తారు. దానివల్ల బాయిల్డ్ రైస్ మిల్లు కార్బన్ లెక్క చాలా తక్కువగా కనిపిస్తుంది. మిల్లు వారు అక్కడితో సంతోషపడి ఆగిపోతారు. చుట్టుపక్కల ఇళ్ల మీద పడే బూడిద, వడ్లు నానబెట్టిన నీటి దుర్వాసన ఆ లెక్కలో ఉండవు. కాబట్టి మిల్లుకు నాలుగు అంకెలు చాలు: టన్ను వడ్లకు ఎన్ని యూనిట్లు, ఎన్ని లీటర్ల నీరు, ఎంత బూడిద వచ్చింది, ఆ బూడిద ఎక్కడికి పోయింది. ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది; కొలిచిన బూడిద అంతకంటే బాగా తక్కువగా ఉంటే మిగిలింది గాలిలోకి పోయిందని అర్థం, డస్ట్ కలెక్టర్ (పొగలోని బూడిదను పట్టి ఆపే పరికరం) వైపు చూడాలి.

మిల్లుల వారికి ఒక జాగ్రత్త కూడా చెప్పండి. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్లకు బిల్లు కేవీఏహెచ్ మీద, అంటే పనికి రాకుండా లైన్లో తిరిగే కరెంటును కూడా కలిపే కొలత మీద వస్తుంది కనుక కెపాసిటర్లు పెట్టి పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికి వచ్చే వాటా) సరిచేస్తే బిల్లు తగ్గుతుంది. అది తప్పకుండా చేయాల్సిన పనే. అయితే మోటార్లు నిజంగా వాడే కిలోవాట్ అవర్లు దానివల్ల దాదాపు తగ్గవు. రూపాయల్లో వచ్చిన ఆదాను ఉద్గారాల తగ్గింపుగా రాసిన నివేదికలను నేను చాలా చూశాను. కరెంటు బిల్లులో కేడబ్ల్యూహెచ్ (కిలోవాట్ అవర్, మనం యూనిట్ అనేది) రీడింగ్ కూడా ఉంటుంది, కార్బన్ లెక్కకు దాన్నే తీసుకోవాలి.

బయటి సంస్థను ఎప్పుడైనా పిలవాల్సి వస్తే, పని అప్పగించే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. ఏ అంకె కొలిచినది, ఏది అంచనా అని ప్రతి పట్టికలో గుర్తు పెడతారా? లెక్క వేసిన ఎక్సెల్ ఫైలు, సూత్రాలు తెరిచి ఉంచి, మాకు ఇస్తారా? మరుసటి ఏడాది మా సిబ్బందే ఆ లెక్క వేయగలిగేలా నేర్పిస్తారా? మూడింటిలో ఒక్కదానికి కాదన్నా వారి రంగురంగుల నివేదిక మీ బీరువాలో ఉండిపోతుంది.

మీకు మొదటి మూడు నెలలకు ఇంతే చాలు. గత 12 నెలల కరెంటు బిల్లులన్నీ సర్వీసు నంబరు వారీగా ఒక షీటులో ఎక్కించండి. ఎవరూ వాడని బోర్లకు, మూసేసిన భవనాలకు బిల్లు కడుతున్న సర్వీసులు కూడా అప్పుడే బయటపడతాయి. డీజిల్ ఇండెంట్లను బండి వారీగా రాయండి. అన్ని పంపులకూ ట్యాంకు పరీక్ష చేయండి. మూడు కాలాల తూకాల్లో మొదటిదిగా ఒక వారం చెత్త తూకం వేయండి. ఈ నాలుగు పద్దులకూ నలుగురు మనుషుల పేర్లు, వారి సెలవు రోజుల్లో ఎవరు రాస్తారో వారి పేర్లు, గోడ మీద కనిపించేలా రాసి పెట్టండి. తూకం చీటీలను ట్రాక్టర్ డ్రైవర్ జేబులో వదిలేయకుండా అదే సాయంత్రం పుస్తకంలో అంటించండి; వానకు తడిసిన చీటీల మీద అంకెలు చెరిగిపోయి ఒకసారి మా వారం శ్రమంతా పోయింది.